ఆగస్టు 29: గిడుగు, ధ్యాన్‌చంద్ ఒకే బోర్డు మీద. ‘చరిత్రలో ఈ రోజు’ తప్పుల్లేకుండా తయారుచేసే పద్ధతి

ఆగస్టు 29 వచ్చిందంటే బడిలో ఇద్దరికి పని పడుతుంది. తెలుగు మాస్టారికి అది గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. పీఈటీ మాస్టారికి మేజర్ ధ్యాన్‌చంద్ జయంతి, జాతీయ క్రీడా దినోత్సవం. అసెంబ్లీ ఒక్కటే, నోటీసు బోర్డూ ఒక్కటే. చాలాచోట్ల ఒకరి వంతు రాగానే రెండోది ఎగిరిపోతుంది. లేదంటే ఫోన్‌లో దొరికిన పదిహేను వాక్యాలను చూడకుండా బోర్డుకు ఎక్కిస్తారు, అందులో నాలుగైదు తప్పులుంటాయి. విజయవాడ, గుంటూరుల్లో పోటీ పరీక్షల శిక్షణ కేంద్రాలు వీధికొకటి ఉన్నాయి. అక్కడ గోడమీద చదివిన తప్పు తేదీ పిల్లవాడికి ఒక మార్కు నష్టం. అందుకే ఈ పద్ధతిలో మొదటి నియమం: సరిచూసిన ఐదు వాక్యాలు చాలు. ఆరోది సరిచూడలేకపోతే బోర్డు మీదికి రాదు.

ఇక్కడ చెప్పేది బడికీ, శాఖా గ్రంథాలయానికీ, అపార్ట్‌మెంటు లాబీలో పెట్టే బోర్డుకీ పనికొస్తుంది. ఆగస్టు 29ని ఉదాహరణగా తీసుకున్నాం. ఏ తేదీకైనా వరస ఇదే.

పదిరోజుల ముందు: జాబితా

ఆగస్టు 19కల్లా కూర్చోండి. ఒక తెల్లకాగితం మీద మూడు గళ్లు గీయండి: సంవత్సరం, ఏం జరిగింది, ఎక్కడ చూశాం. మొదట దొరికినవన్నీ రాసుకోండి, వడపోత తర్వాత. ఆగస్టు 29కి తేలిగ్గా దొరికేవి ఇవి.

1831లో లండన్‌లో మైకేల్ ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను ప్రయోగంలో గమనించాడు. 1863లో ఇప్పటి శ్రీకాకుళం జిల్లా పర్వతాలపేటలో గిడుగు రామమూర్తి పుట్టారు. 1882లో లండన్ ఓవల్ మైదానంలో ఇంగ్లండ్‌ను ఆస్ట్రేలియా 7 పరుగుల తేడాతో ఓడించింది. 1905లో అలహాబాదులో, అంటే ఇప్పటి ప్రయాగ్‌రాజ్‌లో, ధ్యాన్‌చంద్ పుట్టారు. 1947లో రాజ్యాంగ సభ ముసాయిదా సంఘాన్ని నియమించింది. 1949లో సోవియట్ యూనియన్ సెమీపలాటిన్స్క్‌లో తొలి అణుబాంబును పరీక్షించింది. 2005లో కత్రినా తుపాను అమెరికాలోని లూసియానా తీరాన్ని తాకింది. 2021లో టోక్యో పారాలింపిక్స్‌లో టేబుల్ టెన్నిస్‌లో భవీనా పటేల్, హైజంప్‌లో నిషాద్ కుమార్ రజతాలు గెలిచారు.

సినిమావాళ్ల సంగతి పిల్లలు తప్పకుండా అడుగుతారు. అక్కినేని నాగార్జున పుట్టినరోజు ఇదే, 1959. నందమూరి హరికృష్ణ నల్గొండ జిల్లాలో రోడ్డు ప్రమాదంలో చనిపోయిందీ ఇదే రోజు, 2018. వేయాలనుకుంటే వేయండి కానీ పుట్టినరోజునూ వర్ధంతినీ ఒకే వాక్యంలో, ఒకే గడిలో కలపకండి.

తేదీ ఎక్కడెక్కడ జారిపోతుంది

ఎక్కువ సమయం పెట్టాల్సింది ఇక్కడే. తేదీ తప్పడానికి కారణాలు వేళ్లమీద లెక్కపెట్టేన్ని. ప్రతి వాక్యాన్నీ వాటికి ఎదురుగా పెట్టి చూస్తే చాలు.

మొదటిది క్రియాపదం. తేదీ సరిగ్గానే ఉంటుంది, ఆ రోజు జరిగిన పని మాత్రం వేరే అవుతుంది. ముసాయిదా సంఘం సంగతే చూడండి. రాజ్యాంగ సభ ఆ సంఘాన్ని నియమించింది 1947 ఆగస్టు 29న. సంఘం మొదటిసారి సమావేశమై అంబేడ్కర్‌ను అధ్యక్షుడిగా ఎన్నుకున్నది మర్నాడు, 30న. ‘ఆగస్టు 29న అంబేడ్కర్ ముసాయిదా సంఘం అధ్యక్షుడయ్యారు’ అని రాస్తే ఒక రోజు తప్పు. ‘సంఘాన్ని నియమించారు’ అంటే ఒప్పు. ఏడుగురు సభ్యుల్లో అల్లాడి కృష్ణస్వామి అయ్యర్ ఒకరు, పుట్టింది నెల్లూరు జిల్లా పూడూరులో. ఈ మాట అసెంబ్లీలో చెబితే పిల్లలకు ఆ సంఘం దూరంగా అనిపించదు.

ఫారడే విషయంలోనూ ఇదే జరుగుతుంది. ‘జనరేటర్ కనిపెట్టిన రోజు’ అని రాసేస్తుంటారు. ఆగస్టు 29న ఫారడే చేసింది ఇనుప ఉంగరానికి రెండు పక్కలా రెండు తీగచుట్లు చుట్టి, ఒక చుట్టను బ్యాటరీకి కలపగానే, తీయగానే రెండో చుట్ట దగ్గర సూది కదలడం చూడటం. అది ట్రాన్స్‌ఫార్మర్‌కు మూలం. అయస్కాంతాన్ని కదిలించి కరెంటు పుట్టించే ప్రయోగాలు అదే ఏడాది అక్టోబరులో జరిగాయి. కాబట్టి సైన్సు మాస్టారు ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం జనరేటర్లను చూపించాలంటే అక్టోబరు దాకా ఆగాలి. ఆగస్టు 29న చూపించాల్సింది బడి గేటు పక్క స్తంభం మీదున్న ట్రాన్స్‌ఫార్మర్‌ని.

క్రికెట్‌లో పెద్ద బోనులాంటిది యాషెస్. ఇంగ్లండ్, ఆస్ట్రేలియా ఆడే టెస్టు సిరీస్ పేరు అది, మాటకు అర్థం బూడిద. 1882 మ్యాచ్ ఆగస్టు 28న మొదలై 29న ముగిసింది. ఆస్ట్రేలియా 63, 122. ఇంగ్లండ్ 101, 77. గెలవడానికి 85 పరుగులు చాలు, అవీ రాలేదు. ఆస్ట్రేలియా బౌలర్ స్పోఫోర్త్ రెండు ఇన్నింగ్స్‌లోనూ ఏడేసి వికెట్లు, మొత్తం 90 పరుగులిచ్చి 14 వికెట్లు తీశాడు. ఇంగ్లండ్ క్రికెట్ చనిపోయిందనీ, బూడిదను ఆస్ట్రేలియాకు తీసుకెళ్తారనీ పత్రికలో వెక్కిరింత ప్రకటన వచ్చింది సెప్టెంబరు 2న. అంటే ఆగస్టు 29 ‘యాషెస్ అనే మాట పుట్టిన రోజు’ కాదు, ఆ మాటకు కారణమైన ఓటమి జరిగిన రోజు.

మన ఊళ్లో ఇలాంటి తప్పు మార్చి 31న కనిపిస్తుంది. 1921లో బెజవాడలో మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. ఆ సందర్భంలోనే పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా నమూనా ఇచ్చారు. బోర్డుల మీద మాత్రం ‘జాతీయ జెండాను ఆమోదించిన రోజు’ అని ఉంటుంది. ఇప్పటి జాతీయ జెండాను రాజ్యాంగ సభ ఆమోదించింది 1947 జులై 22న. ‘ఇచ్చారు’, ‘ఆమోదించారు’ వేర్వేరు పనులు.

రెండోది పత్రిక తేదీ. దినపత్రిక మీదున్న తేదీ వార్త అచ్చయిన రోజుది, సంగతి జరిగిన రోజుది కాదు. పొట్టి శ్రీరాములు చనిపోయింది 1952 డిసెంబరు 15 రాత్రి. మర్నాటి పత్రిక చూసి 16 అని రాసుకునేవాళ్లు ఉంటారు. పాత పత్రికల్లో ఆగస్టు 29 సంగతి వెతకాలంటే 30, 31 తేదీల సంచికలు అడగాలి. విదేశాల్లో జరిగిందైతే ఇంకో రెండు మూడు రోజులు ముందుకు పోయి చూడాలి. వార్తలో ‘నిన్న’, ‘మొన్న రాత్రి’ అన్న మాటలు పట్టుకుంటే అసలు తేదీ తేలుతుంది.

మూడోది గడియారం. విజయవాడ పిల్లలకు బాగా దగ్గరైన ఉదాహరణ కోనేరు హంపి. ప్రపంచ ర్యాపిడ్ చదరంగం టైటిల్‌ను ఆమె మొదట గెలిచింది మాస్కోలో, 2019 డిసెంబరు 28న. రెండోసారి న్యూయార్క్‌లో, 2024 డిసెంబరు 28న. అక్కడ పగలు ఒంటిగంటన్నర అయ్యేసరికి మన గడియారంలో 29వ తేదీ మొదలవుతుంది. అందుకే ఆ వార్త మనకు 29 పొద్దున తెలిసింది. ఏ ఊళ్లో జరిగిందో ఆ ఊరి తేదీయే వేయాలి. ఈ నియమాన్ని ఫైలు అట్ట లోపల రాసి పెట్టుకోండి. ఒకసారి ఇలా, ఒకసారి అలా వేస్తే రెండేళ్ల తర్వాత ఏది ఏదో తెలియదు.

నాలుగోది పాత క్యాలెండరు. తత్వవేత్త జాన్ లాక్ 1632 ఆగస్టు 29న పుట్టాడని చాలా జాబితాల్లో ఉంటుంది. అది అప్పటి ఇంగ్లండ్‌లో నడిచిన జూలియన్ లెక్క. ఇప్పటి లెక్కలో సెప్టెంబరు 8. ఇంగ్లండ్ కొత్త లెక్కలోకి మారింది 1752లో, అప్పుడు సెప్టెంబరు 2 తర్వాతి రోజు 14 అయింది. ఈ చిక్కు బెజవాడవాళ్లకు కొత్త కాదు. ఏటా నవంబరు 7న జరిపేది ‘అక్టోబరు విప్లవ’ దినం. రష్యాలో అప్పటి లెక్కకు అది అక్టోబరు 25. 1752కు ముందటి ఇంగ్లండ్ సంగతులు, 1918కి ముందటి రష్యా సంగతులు జాబితాలో ఉంటే ‘పాత లెక్క’ అని పక్కన గుర్తు పెట్టండి, లేదా వదిలేయండి. బోర్డు మీద వివరించడానికి చోటుండదు కాబట్టి వదిలేయడమే మంచిది.

ఐదోది తిథి. పండగలు, పాత కవులకూ రాజులకూ సంబంధించిన రోజులు చాంద్రమానంలో నడుస్తాయి. 2014లో వినాయక చవితి సరిగ్గా ఆగస్టు 29న వచ్చింది. 2025లో 27న. తిథితో వచ్చేవి ఏ ఏటికి ఆ ఏడు పంచాంగం చూసి వేసుకోవాలి, శాశ్వత ఫైలులోకి ఎక్కించకూడదు. శాసనంలోనో పాత పుస్తకంలోనో శక సంవత్సరం ఇస్తే 78 కలపండి. జనవరి నుంచి ఉగాది ముందు రోజు వరకైతే 79. సంవత్సరం పేరు మాత్రమే ఉంటే మరీ జాగ్రత్త. రుధిరోద్గారి అంటే 1863 కావచ్చు, 1923 కావచ్చు, 1983 కావచ్చు.

ఆటల్లో మరో చిక్కు: పోటీ పేరులోని సంవత్సరం. ‘టోక్యో 2020’ జరిగింది 2021లో. విలువిద్యలో వెన్నం జ్యోతి సురేఖ మూడు స్వర్ణాలు గెలిచిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల పేరు 2022, ఆడింది 2023 అక్టోబరులో. పేరులోని అంకె చూసి సంవత్సరం వేయొద్దు.

తర్వాత మారిన ఫలితాలూ ఉంటాయి. 2021 ఆగస్టు 29 సాయంత్రం వార్తల్లో మన పారా క్రీడాకారులకు ఒకేరోజు మూడు పతకాలు అని వచ్చింది. ఎఫ్52 (ఇలాంటివి వైకల్యాన్ని బట్టి చేసే విభాగాలు) డిస్కస్ త్రో కాంస్యం మీద అభ్యంతరం వచ్చి, మర్నాడు ఆటగాడి వర్గీకరణ చెల్లదని పతకం వెనక్కి తీసుకున్నారు. ఆ సాయంత్రం వార్త పట్టుకుని రాసినవాళ్లు ఇంకా మూడు అనే రాస్తున్నారు. బోర్డు మీదకు రావాల్సినవి రెండు రజతాలు. అసెంబ్లీలో చెప్పడానికి వివరం కావాలంటే, భవీనా ఫైనల్లో చైనాకు చెందిన ఝౌ యింగ్ చేతిలో ఓడి రజతం అందుకున్నారు. నిషాద్ టీ47 హైజంప్‌లో 2.06 మీటర్లు దూకారు. ఆటల ఫలితం ఎప్పుడైనా ఆ రోజు వార్తతో కాకుండా, పోటీ ముగిశాక నిర్వాహకులు ఇచ్చే తుది పట్టికతో సరిచూడాలి.

సరిచూడటం ఎలా

ఒక్కో వాక్యానికి రెండు ఆధారాలు కావాలి. ఒకదాన్ని చూసి ఇంకొకటి రాసుకున్నవి రెండూ కలిపి ఒక్కటే. రెండు చోట్లా వాక్యం అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే, ఒకే తప్పు అక్షరం రెండింటిలోనూ ఉంటే, అవి వేర్వేరు ఆధారాలు కావని అర్థం. కనీసం ఒకటి ఆ సంగతికి దగ్గరగా ఉన్నదై ఉండాలి: క్రికెట్‌కు స్కోరుకార్డు, ఒలింపిక్స్‌కు నిర్వాహక సంఘం ఫలితాల పట్టిక, రాజ్యాంగ సభ సంగతికి ఆ రోజు సభా చర్చల ప్రతి.

పాత తెలుగు పత్రికలకు కొంత ఇంట్లోనే దొరుకుతుంది. ప్రెస్ అకాడమీ స్కాన్ చేసిన పాత సంచికలు ఆన్‌లైన్‌లో ఉన్నాయి. కాగితం చూడాలంటే విజయవాడలో ఠాగూర్ గ్రంథాలయం, రామమోహన గ్రంథాలయం, గుంటూరులో అన్నమయ్య గ్రంథాలయం ఉన్నాయి. మరీ పాతవాటికి 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనానికి వెళ్లడం శ్రమకు తగిన పని. వెళ్లేముందు ఫోన్ చేసి ఫలానా నెల, ఫలానా సంవత్సరం సంపుటం కావాలని చెప్పండి. పెన్ను బదులు పెన్సిల్ తీసుకెళ్లండి. ఫొటో తీయొచ్చా అని అడిగి, ఫ్లాష్ లేకుండా తీయండి. పేజీ ఫొటోతో పాటు పత్రిక పేరు, తేదీ కనిపించేలా పైభాగం ఫొటో కూడా తీసుకోవాలి. అది లేకపోతే ఇంటికొచ్చాక ఆ ముక్క ఏ రోజుదో మీకే తెలియదు.

వారం సరిచూడటం రెండు నిమిషాల పని, కానీ చాలా తప్పులు దీనికే పట్టుబడతాయి. ఆగస్టు 15 ఏ వారమో 29 కూడా అదే వారం, మధ్యలో సరిగ్గా పద్నాలుగు రోజులు. 1947 ఆగస్టు 15 శుక్రవారమని అందరికీ తెలుసు, కాబట్టి ముసాయిదా సంఘం నియామకమూ శుక్రవారమే. 1863 ఆగస్టు 29 శనివారం, 1882దీ 1905దీ మంగళవారాలు. ఎక్కడైనా ‘1905 ఆగస్టు 29, ఆదివారం’ అని కనబడితే తేదీ అయినా తప్పు, వారమైనా తప్పు. అలాంటి ఆధారాన్ని పక్కన పెట్టి ఇంకోటి చూడండి. మిగతా సంవత్సరాలకు ఫోన్‌లో క్యాలెండరును వెనక్కి జరుపుకుంటూ పోతే సరిపోతుంది.

తేదీ కుదిరినా అంకెలు కుదరని సందర్భాలు ఉంటాయి. 1936 బెర్లిన్ ఒలింపిక్స్ హాకీ ఫైనల్ ఆగస్టు 15న జరిగింది, భారత్ 8, జర్మనీ 1. అక్కడి వరకు ఎవరికీ తేడా లేదు. అందులో ధ్యాన్‌చంద్ కొట్టినవి ఒకచోట మూడు అని, ఇంకోచోట ఆరు అని ఉంటాయి. ఇలాంటప్పుడు జట్టు స్కోరు రాసి, ఆటగాడి గోల్స్ వదిలేయండి. మూడు ఒలింపిక్ స్వర్ణాలు, 1928 ఆమ్‌స్టర్‌డామ్, 1932 లాస్ ఏంజెలిస్, 1936 బెర్లిన్, అన్న మాట ఎలాగూ ఉంది. ఆయన ఘనతకు అది చాలు.

ఏ మాట వాడాలి

బతికున్నవారికి పుట్టినరోజు, లేనివారికి జయంతి, చనిపోయిన రోజుకు వర్ధంతి. ఎన్నవదో వేయాలంటే తీసివేతే: 2026లో 2026 నుంచి 1863 తీసేస్తే 163, అంటే గిడుగు 163వ జయంతి. కొందరు పుట్టిన రోజునే మొదటిదిగా లెక్కేసి 164 అంటారు. గొడవ లేకుండా ‘పుట్టి 163 ఏళ్లు’ అని రాయవచ్చు. శతజయంతి విషయంలో ఉత్సవాలు మొదలయ్యే ఏడాదికీ నూరేళ్లు నిండే ఏడాదికీ తేడా ఉంటుంది. ఎన్.టి.రామారావు 1923 మే 28న పుట్టారు, ఉత్సవాలు 2022లోనే మొదలయ్యాయి, నూరేళ్లు నిండింది 2023లో.

దినోత్సవం అన్న మాటను అన్నిటికీ తగిలించకండి. ఆగస్టు 29ని ఐక్యరాజ్యసమితి అణు పరీక్షల వ్యతిరేక దినంగా పాటిస్తుంది. 1991లో సెమీపలాటిన్స్క్ పరీక్షా స్థలాన్ని మూసేసిన రోజు కూడా ఇదే. అక్కడ ఉత్సవం ఏమీ లేదు, ‘దినం’ చాలు. 1977 నవంబరు 19 దివిసీమ ఉప్పెన గురించి రాసేటప్పుడూ అంతే. ఈ జిల్లాల్లో ఆ రాత్రి అయినవాళ్లను పోగొట్టుకున్న ఇళ్లు ఇంకా ఉన్నాయి.

గిడుగు గురించి రాసే వాక్యం వాడుక భాషలో ఉండి తీరాలి. పర్లాకిమిడిలో ఉండి అక్కడి గిరిజనులైన సవరలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పాలని సవర నేర్చుకుని, దానికి వ్యాకరణం, నిఘంటువు రాసిన మనిషి ఆయన. బడిలో పిల్లలు చదివే తెలుగు మనుషులు మాట్లాడే తెలుగుకు దగ్గరగా ఉండాలని జీవితాంతం వాదించారు. ఆయన జయంతి నాడు ‘జన్మించిరి’, ‘కృషి సల్పిరి’ అని బోర్డు మీద రాయడం ఆయన చెప్పినదాన్ని ఆయన ముందే కొట్టేయడం. ‘పుట్టారు’, ‘పోరాడారు’ అని రాయండి.

ఊళ్లు, జిల్లాల పేర్లకు ఒకే పద్ధతి పెట్టుకోండి. అప్పటి పేరు ముందు, ఇప్పటిది తర్వాత. 2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు వచ్చాక ఇది తప్పనిసరి అయింది. సెప్టెంబరు 28న గుర్రం జాషువా జయంతికి ‘అప్పటి గుంటూరు జిల్లా, ఇప్పటి పల్నాడు జిల్లా వినుకొండ’ అని వేయాలి.

బోర్డు లెక్క

నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు బోర్డు తీసుకుందాం. పదడుగుల దూరం నుంచి హాయిగా చదవాలంటే అక్షరం అంగుళం ఎత్తు ఉండాలి. తెలుగుకు పైన గుడులు, కింద ఒత్తులు ఉంటాయి కాబట్టి వరుసకూ వరుసకూ రెండుంపావు అంగుళాలు వదలాలి. ఇంగ్లీషు బోర్డు కొలతలు చూసి అంగుళంన్నరే వదిలితే ‘రాష్ట్రం’లో ఒత్తు వెళ్లి కింది వరుస గుడిలో ఇరుక్కుంటుంది. నాలుగు పక్కలా రెండేసి అంగుళాల అంచు, శీర్షికకు నాలుగు అంగుళాలు పోతే మిగిలేది 28 అంగుళాలు, అంటే పన్నెండు వరుసలు. వాక్యాల మధ్య సందు పోతే పది. వరుసకు ఐదు మాటలు. మొత్తం యాభై మాటలు. ఐదు వాక్యాలు చాలని మొదట్లో అన్నది ఈ లెక్కకు కూడా సరిపోతుంది.

యాభై మాటల్లో ఆగస్టు 29 ఇలా పడుతుంది:

1863: వాడుక తెలుగు కోసం పోరాడిన గిడుగు వెంకట రామమూర్తి జయంతి. తెలుగు భాషా దినోత్సవం.
1905: హాకీ ఆటగాడు మేజర్ ధ్యాన్‌చంద్ జయంతి. జాతీయ క్రీడా దినోత్సవం.
1831: ఫారడే విద్యుదయస్కాంత ప్రేరణను ప్రయోగంలో గమనించాడు.
1947: రాజ్యాంగ సభ ముసాయిదా సంఘాన్ని నియమించింది.
2021: టోక్యో పారాలింపిక్స్‌లో భవీనా పటేల్, నిషాద్ కుమార్‌లకు రజతాలు.

మొదటి రెండూ ఆ రోజుకు పేరు తెచ్చినవి కాబట్టి పైన. మిగతావి సంవత్సరాల వరుసలో. కత్రినా, ఓవల్ మ్యాచ్ ఈసారి ఫైలులోనే ఉంటాయి, వచ్చే ఏడు వాటి వంతు. ఆ తేదీన మన ఊరికి సంబంధించింది ఏదీ లేకపోతే లాగి అతికించకండి. కింద కుడి మూలలో కొంచెం చోటు మిగిలితే ఆటల తెలుగు మాటలు నాలుగు వేయండి: చెడుగుడు, కర్రాబిళ్ల, ఏడుపెంకులాట, గోలీలాట. భాషా దినానికీ క్రీడా దినానికీ అంతకంటే మంచి ముడి దొరకదు. పిల్లల్ని తమ ఇళ్లలో తాతయ్యలు, అమ్మమ్మలు ఆడిన ఆటల పేర్లు అడిగి తెమ్మంటే మర్నాటికి ఆ మూల నిండుతుంది.

శీర్షిక ఎరుపులో, మిగతాది నల్ల లేదా ముదురు నీలం మార్కర్‌తో రాయండి. తెల్ల చార్టు మీద పసుపు, నారింజ రంగు అక్షరాలు వరండా వెలుతురులో కనబడవు. ఆగస్టు చివర మన దగ్గర వానలు, గాలిలో చెమ్మ ఎక్కువ. స్కెచ్ పెన్ను సిరా జల్లుకు కారిపోతుంది, కాబట్టి చెరగని మార్కరే వాడాలి. అదే మార్కర్‌తో పొరపాటున వైట్ బోర్డు మీద రాస్తే మాత్రం తుడిస్తే పోదు, మూత మీద చూసి తీసుకోండి. చార్టును ముందు రోజు సాయంత్రమే అంటిస్తే రాత్రి చెమ్మకు మూలలు పైకి లేస్తాయి. నాలుగు మూలలతో పాటు నాలుగు పక్కల మధ్యలోనూ పిన్నులు కొట్టండి, ఎనిమిది పిన్నులు. 29 ఆదివారం పడితే, 2027లో అలాగే పడుతుంది, శనివారం పొద్దునే పెట్టాలి.

డీటీపీ చేయించి ప్రింటు పెట్టేవాళ్లకు వేరే కష్టం ఉంది. దుకాణాల్లో చాలావరకు ‘అను’ అనే, యూనికోడ్ కాని తెలుగు ఫాంట్లు వాడతారు. ఫోన్‌లో యూనికోడ్‌లో టైపు చేసి పంపిన వాక్యాన్ని వాళ్లు మార్చుకునేటప్పుడు ఒత్తులు విరుగుతాయి. అన్నిటికన్నా ముందు చెడిపోయేవి పొల్లు ఉన్న పేర్లు: ‘ధ్యాన్‌చంద్’లో న్ తర్వాత విడి గుర్తు పోయి ‘ధ్యాన్చంద్’ అయిపోతుంది, ‘పారాలింపిక్స్‌లో’ కాస్తా ‘పారాలింపిక్స్లో’ అవుతుంది. పెద్ద ప్రింటు తీసేముందు ఏ4 కాగితం మీద ఒక ప్రూఫ్ తీయించి, పేర్లూ అంకెలూ వేలు పెట్టి చదవండి. ఫ్లెక్సీ అయితే మరీను, తప్పు దొరికాక దిద్దడానికి వీలుండదు. ఫొటోలు వేస్తే పేరు కింద ఉన్న బొమ్మ ఆ మనిషిదేనా అని ఇద్దరు చూడాలి. తలపాగా కట్టుకున్న పాత తరం తెలుగు పెద్దల ఫొటోలు ఒకరివి ఇంకొకరి పేరు మీద తిరుగుతుంటాయి.

అసెంబ్లీలో రెండు నిమిషాలు

పిల్లలు మైకులో నిమిషానికి ఎనభై, తొంభై మాటలు చదువుతారు. రెండు నిమిషాలంటే నూట అరవై మాటలు. ఇద్దరు పిల్లల్ని పెట్టండి. ఒకరు గిడుగు గురించి మొదలుపెట్టాలి, రెండోవారు ధ్యాన్‌చంద్ గురించి, చెరో డెబ్భై మాటలు. మిగిలిన ఇరవై మాటలు మూడు ప్రశ్నలకు: ధ్యాన్‌చంద్ ఎన్ని ఒలింపిక్ స్వర్ణాలు గెలిచారు, గిడుగు ఏ గిరిజన భాషకు నిఘంటువు రాశారు, ముసాయిదా సంఘంలో నెల్లూరు జిల్లాలో పుట్టిన సభ్యుడు ఎవరు. జాతీయ క్రీడా దినోత్సవంగా కేంద్రం ఈ రోజును 2012 నుంచి జరుపుతోందనీ, ఖేల్‌రత్న పురస్కారం 2021 నుంచి ధ్యాన్‌చంద్ పేరు మీద ఉందనీ పీఈటీ మాస్టారు చెప్పొచ్చు. చదివే పిల్లలకు కాగితం రెండు రోజుల ముందే ఇవ్వండి. సంవత్సరాలను అంకెల్లో కాకుండా ‘పద్ధెనిమిది వందల అరవై మూడు’ అని అక్షరాల్లో రాసి ఇస్తే మైకు ముందు తడబడరు.

దించిన తర్వాత

బోర్డు దించిన రోజే, ఐదు వాక్యాలనూ ఐదు కార్డుల మీదికి ఎక్కించండి. అయిదంగుళాలు, మూడంగుళాల కార్డు చాలు. ముందువైపు తేదీ, సంవత్సరం, వాక్యం. వెనకవైపు రెండు ఆధారాలు, సరిచూసిన రోజు, సరిచూసినవారి పొట్టి సంతకం. అనుమానం ఉన్నవి పారేయకుండా ఎర్ర గీత గీసి అదే డబ్బాలో పెట్టండి. వాడకుండా మిగిలినవాటికి కూడా కార్డులుండాలి.

అదే డబ్బాలో పాత కృష్ణా, గుంటూరు జిల్లాల తేదీలతో ఒక కట్ట మొదలుపెట్టండి. ఫిబ్రవరి 22, 1922 పల్నాడులో కన్నెగంటి హనుమంతు బలైన రోజు. మార్చి 31, 1987 కోనేరు హంపి పుట్టినరోజు, 1921 బెజవాడ సమావేశం మొదలైందీ అదే తేదీన. జులై 24, 1971 గుంటూరులో జాషువా చనిపోయిన రోజు. ఆగస్టు 2, 1876 భట్లపెనుమర్రులో పింగళి వెంకయ్య పుట్టిన రోజు. నవంబరు 24, 2002 విజయవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో భారత్, వెస్టిండీస్ వన్డే ఆడిన రోజు. డిసెంబరు 1, 1948 ఆకాశవాణి విజయవాడ కేంద్రం మొదలైన రోజు. డిసెంబరు 24, 1957 ప్రకాశం బ్యారేజీ ప్రారంభం. వీటిలో ప్రతిదానికీ పైన చెప్పిన రెండు ఆధారాలు మీరే వెతికి కార్డు వెనక రాయండి. పింగళి పుట్టిన సంవత్సరం 1878 అని కూడా కొన్నిచోట్ల కనిపిస్తుంది, ఆ కార్డు వెనక ఆ మాట కూడా పెన్సిల్‌తో వేసి ఉంచండి.